పడవ అడుగుకు దించిన కొవ్వొత్తి

నా చిన్నప్పుడు బేతమంగళం చెరువులో మా చిన్నాయన పడవ కాలిపోయింది. చెరువు గంగమ్మ కోపంతో కాల్చేసిందని ఆ పక్క ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పొద్దు గట్టు మీద ఉన్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. నేనూ పోతే గంగమ్మ కోపమే నిజమై నిలిచిపోతుంది. అందుకే రాస్తున్నాను.

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్లయింది. ఆ గనుల పేట కోరమండల్‌లో చిన్నాయన పనిచేసే గని మూతపడింది. ఆదివారాలు చెరువు చూడవచ్చేవాళ్లను తిప్పి బతుకుదామని ఆయన ఒక పాత చెక్క పడవ కొన్నాడు. ఎదురుగాలిలో తెడ్డు వేయలేక, పెట్రోలుతో నడిచే పాత జీపు ఇంజను ఒకటి తెచ్చాడు.

దాన్ని బిగించింది మా తాతయ్య. గనిలో ఫిట్టరుగా తల పండినవాడు. పడవ అడుగున పొడవునా టేకు దూలాలు వేసి, వాటి మీద ఇంజను కూర్చోబెట్టాడు. ఇంజను కడ్డీ, నీళ్లలో రెక్కలు తిప్పే కడ్డీ ఒకే వరసలో ఉన్నాయా అని రెంటి నడుమ సిగరెట్టు కాగితం దూర్చి చూశాడు. కడ్డీ బయటికి పోయే కన్నంలో గ్రీజు పూసిన తాడు కుక్కాడు. చుక్క నీరు లోపలికి రాలేదు. చివరికి ఇంజను మీద నీళ్లు చిందకుండా చుట్టూ పలకలతో పెట్టె కట్టి, గట్టిగా మూత బిగించాడు.

మరునాడు పొద్దున పడవ ఎక్కాలని పిల్లలమంతా గట్టు మీద నిలబడ్డాం. చిన్నాయన మూత కొంచెం ఎత్తి ముఖం చిట్లించాడు.

"వాసన కొడతా ఉండాది నాయనా."

"ముందు గాలి చూసుకోప్పా," అన్నాడు తాతయ్య.

గనిలో పాత గుంటల్లోకి దిగేముందు వెలిగించిన దీపాన్ని తాడుతో దించేవాళ్లు. ఆరిపోతే లోపల గాలి చెడ్డదని అర్థం, దిగకూడదు. ఆ ఇద్దరికీ గాలి చూడటమంటే అదే. చిన్నాయన కొవ్వొత్తికి దారం కట్టి, వెలిగించి, పెట్టెలోకి దించాడు.

తడి దుప్పటి ఒక్కసారి విదిలించినట్టు వినబడింది, అంతే. మంట మనిషెత్తు లేచింది. నీళ్లలో పడిన చిన్నాయనను గట్టుకు లాగినవాళ్ల చేతులకు ఆయన చర్మం అంటుకుని వచ్చింది. ఆసుపత్రిలో వారం కూడా బతకలేదు.

పరామర్శకు వచ్చిన పక్కింటి పెద్దమ్మ ఊరుకోలేదు. "గంగమ్మకు పొట్టేలు కొయ్యమంటే ఇంటివా? ఇనుము మీద ఉండే నమ్మకం అమ్మ మీద లేకపాయె నీకు."

"అమ్మోరి మీద నింద ఎయ్యొద్దక్కా," అన్నాడు తాతయ్య. "నా కొడుకును చంపింది నా మాట."

కర్మ అయిన మరునాడు ఆయన పెరట్లో ఒక వంపు రేకును మెట్టుకు వాల్చాడు. కింది కొసన కొవ్వొత్తి వెలిగించాడు. మమ్మల్ని దూరంగా నిలబెట్టి, పై కొసన పెట్రోలు తడిపిన గుడ్డ పెట్టి తానూ వెనక్కి వచ్చాడు. కాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి కింది నుంచి నీలిమంట రేకు వెంట పైకి పరిగెత్తి గుడ్డను అందుకుంది.

"చూసినావా అమ్మా? ఆవిరి కంటికి కనపడదు. నీళ్ల మాదిరి పల్లానికి పారి అడుగున కూచుంటాది. రాత్రంతా గొట్టం అతుకులోనుంచి పెట్రోలు కారి ఉంటాది. నేను మూత బిగిస్తిని."

"నీకెట్ల తెలిసె తాతా?"

"వాడు పోయినాక తెలిసె." మంట మీద మన్ను పోశాడు. "నిలబడి వాసన చూస్తే చాలదు. వంగి చూడాల."

తర్వాత ఆ రేకు మోసుకుని, బావులకు పెట్రోలు ఇంజన్లు పెట్టుకున్న రైతుల దగ్గరికంతా పోయాడు. కొడుకు పోయి మతి చెడిందని కొందరు నవ్వారు. ఆయన మాత్రం మానలేదు.

నేను పెద్ద చదువులు చదవలేదు. బంగారుపేట గ్రంథాలయమే నా కాలేజీ. అక్కడే పడవ ఇంజన్ల మీద ఒక లావు పుస్తకం దొరికింది. పెట్టెకు గాలి కన్నాలు ఉండాలి, అడుగు దాకా గొట్టం దించాలి, ఇంజను తిప్పేముందు ఫ్యాను పెట్టి ఆవిరిని బయటికి లాగాలి అని ఉంది. కారణం మా తాతయ్య రేకు మీద చూపించిందే. పై అర నుంచి ఆ పుస్తకం దించి ఇచ్చిన గ్రంథాలయం అన్నకు, వాళ్ల నాయన చావును రాయడానికి ఒప్పుకున్న చిన్నాయన కూతురికి, అంటే నా చెల్లెలికి, దండాలు.

వంటగ్యాసు కూడా కిందికే దిగుతుంది. ఇప్పటికీ పొద్దున పొయ్యి వెలిగించేముందు వంటింటి నేల దాకా వంగి వాసన చూస్తాను. మోకాళ్లు ఒప్పుకోవు. "మళ్లా మొదలుపెట్టినారా అత్తా?" అని కోడలు నవ్వుతుంది. నవ్వనీ. నేను లేచి నిలబడేదాకా అగ్గిపెట్టె నా గుప్పిట్లోనే ఉంటుంది.