చెలిమె మీద తంగేడు కొమ్మ

మొన్న సర్వేకని ఇంటికొచ్చిన ఒక అమ్మాయి, "గోదారి సాఫైతే మీకేం ఫాయిదా అమ్మమ్మా?" అని అడిగింది. నా ముక్కుకు తడి ఇసుక వాసన తగిలింది.

లక్సెట్టిపేట దగ్గర పెరిగిన నా ఈడువాళ్లకు చెలిమె గుర్తుండే ఉంటుంది. ఇంకా నల్లాలు రాని రోజులు. ఎండాకాలం గోదారి ఇసుకలో గుంట తవ్వితే నీళ్లు ఊరేవి. మొదట ఊరిన మురికి నీళ్లను మా అవ్వ సొరబుర్రతో తోడి దూరంగా పారబోసేది. తేటబడ్డాకే బిందె నింపేది. నిండాక కూడా కదిలేది కాదు. మళ్లీ ఒకసారి తోడి, కుక్కలు మూతి పెట్టకుండా గుంట మీద తంగేడు కొమ్మ కప్పేది.

నాకేమో ఆకలి. "మన బిందె నిండింది గద అవ్వా, ఇంకెందుకు తోడుడు?"

"మన ఎనుక అచ్చెటోళ్లు గూడ తాగాలె బిడ్డా."

నిన్న ఒక్కదాన్నే ఏటికి పోయాను. నాతో బిందెలు మోసిన దోస్తులు ఎవరూ మిగలలేదు. చేతులతో ఇసుక తవ్వితే నల్లటి నీళ్లు ఊరాయి, మోరీ కంపు. తోడాను, మళ్లీ తోడాను. తేటబడలేదు.

అయినా లేచేముందు అలవాటుగా కొమ్మ కోసం వెతికి, వెనక్కి తిరిగి చూశాను. బిందె పట్టుకుని ఎవరూ రావడం లేదు.