మాటలు తగ్గించుకున్న పిన్ని

పిన్నిది బట్టల కొట్టులో అమ్మకాల పని. ఎండకు తలదాచుకోవడానికి లోపలికి వచ్చినవాళ్లు కూడా ఆమె మాటల్లో పడి దుప్పటి కొనుక్కుని వెళ్లేవారు. అలాంటి మనిషి, అక్క కాలు విరిగి ఆసుపత్రిలో చేరడంతో, సెలవు పెట్టి అక్క కూతురికి తోడుగా వచ్చింది. ఆ అమ్మాయికి ముప్పై దాటాయి. ఆటిజం ఉంది. మాట్లాడుతుంది గానీ తక్కువ. ఇల్లు మారితే ఉండలేదు.

పిన్ని గుమ్మంలో అడుగు పెడుతూనే మొదలుపెట్టింది.

"తిన్నావా? నిద్రపట్టిందా? అమ్మ మీద బెంగగా ఉందా? టీ పెట్టనా?"

అమ్మాయి గోడవైపు తిరిగింది. వినపడలేదేమోనని పిన్ని గొంతు పెంచింది. అమ్మాయి చెవులు మూసుకుని గదిలోకి వెళ్లిపోయింది. పిన్నికి మనసు చివుక్కుమంది.

మర్నాడు, సాయం చేద్దామనే, వంటగది సర్దింది. గ్లాసులు పై అరకెక్కాయి. అమ్మాయి మంచినీళ్ల కోసం వచ్చి, ఎప్పటి చోట చేయి పెట్టి, అలాగే ఆగిపోయింది. తర్వాత నేల మీద కూలబడి, తల కొట్టుకుంటూ కేకలు పెట్టింది. పిన్ని పరుగున వచ్చి వాటేసుకోబోయింది. కేకలు ఇంకా పెరిగాయి. కాళ్లూ చేతులూ ఆడక అక్కకు ఫోన్ చేసింది.

"పట్టుకోకు. మాట్లాడకు. తలకి దెబ్బ తగలకుండా దిండొకటి పెట్టి, లైటు ఆపేసి, కాస్త దూరంగా కూర్చో."

"ఊరికే చూస్తూ కూర్చోమంటావా అక్కా?"

"ఊరికే కాదే. తోడుగా."

పిన్ని గుమ్మం దగ్గర కూర్చుని నోటికి తాళం వేసుకుంది. అంత కష్టమైన పని ఆమె పుట్టి బుద్ధెరిగాక చేయలేదు. కేకలు మెల్లగా మూలుగుల్లోకి దిగాయి, తర్వాత అవీ ఆగాయి. చాలాసేపటికి అమ్మాయి లేచింది. పిన్ని పై అరలోంచి ఒక్కో గ్లాసూ అందిస్తుంటే, ఆమె తన పద్ధతిలో పెట్టుకుంది.

సాయంత్రం పిన్ని మళ్లీ ఫోన్ చేసింది. "దానికి నా మీద కోపమా?"

"కోపమేంటి. నువ్వు నాలుగు అడిగితే, మొదటిది బుర్రకెక్కేలోపు నాలుగోది మీద పడుతుంది. ఒకటి అడుగు. జవాబొచ్చేదాకా ఆగు."

"రాకపోతే?"

"ఆగు. బేరం తెగడానికి ఎంతసేపైనా ఆగుతావు కదా."

పొద్దున పిన్ని ఒక్కటే అడిగింది. "టీ కావాలా?" ఆ తర్వాత పెదవి కొరుక్కుని నిలబడింది. టీ నీళ్లు మరిగి సగమయ్యాయి.

"వద్దు. పాలు," అంది అమ్మాయి.

ఆ వారంలోనే పక్కింటావిడ తొంగిచూసి, "పాపం, ఇన్నేళ్లయినా మందేం దొరకలేదా?" అంది.

"జబ్బయితే కదమ్మా మందు. అది పుట్టుకతోనే అంత. మనమే కాస్త నెమ్మదించాలి," అంది పిన్ని.

అక్క చేతికర్రతో ఇంటికి వచ్చాక పిన్ని కొట్టుకు వెళ్లిపోయింది. కానీ ఆదివారాలు వస్తూనే ఉంది. ఇద్దరూ బాల్కనీలో పక్కపక్కన కూర్చుని వీధిలోకి చూస్తుంటారు. కొన్నిసార్లు మాటలే ఉండవు.

ఒక ఆదివారం పిన్నికి జ్వరం. అక్కకు కబురు చేసి పడుకుంది. కాసేపటికి ఫోన్ మోగింది. అవతల ఊపిరి తప్ప ఏమీ లేదు. పిన్ని హలో అని ఊరుకుంది.

"పిన్నీ, రాలేదు."

"జ్వరమమ్మా."

పిన్ని ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. "వచ్చే ఆదివారం," అంది అమ్మాయి.

"వస్తాను."

అమ్మాయి పెట్టేసింది. తనంతట తాను ఆమె ఎవరికైనా ఫోన్ చేయడం అదే మొదటిసారి. ఆ సంగతి అక్కకు ఫోన్‌లో చెప్పడం మాత్రం పిన్ని, అంత జ్వరంలోనూ, గంటకి గానీ ముగించలేదు.