గోరువెచ్చని మొదటి చెంబు

2023 చలికాలం. పరాయి దేశంలో మేముండే ఊరి శివారు గంగాలిన్ దాటి ఇంకొంత దూరం కారులో వెళ్తే టౌన్ నీళ్లు రాని ఇళ్లు మొదలవుతాయి. అక్కడివాళ్లు కప్పు మీద పడ్డ వాన నీళ్లనే ట్యాంకులో పట్టుకుని తాగుతారు. ఆ నీళ్లను శుభ్రం చేసే యూవీ సిస్టమ్‌లు బాగుచేయడం నా పని. స్టీలు గొట్టంలో ఒక ల్యాంప్ వెలుగుతుంటుంది, పక్కనుంచి పారే నీళ్లలోని క్రిములు ఆ కాంతికి చచ్చిపోతాయి. వినడానికి ఇంతే.

అలాంటి ఒక ఇంట్లో ఉండే శ్రీధర్ ఐటీ కాంట్రాక్టర్. అంతకు ముందు ఏడాది వాళ్లమ్మ సుభద్రమ్మ గారు తన కిడ్నీ ఒకటి ఇచ్చి కొడుకుని బతికించుకున్నారు. అది నిలవాలంటే ఒంటి నిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతూనే ఉండాలి. అలాంటి మనిషికి కలుషిత నీళ్లు ప్రాణం మీదికి తెస్తాయి. ఆ చలికాలంలో అతను వాంతులు, విరేచనాలతో రెండుసార్లు ఆస్పత్రిలో చేరాడు. ఇంటి నీళ్లు పరీక్ష చేయించుకోమన్నారు డాక్టర్లు, అతను నన్ను పిలిచాడు.

రెండుసార్లు మధ్యాహ్నం పూట వెళ్లి చూశాను. ల్యాంప్ కొత్తది, దాని గాజు తొడుగు శుభ్రంగా ఉంది, శాంపిల్ కూడా క్లీన్.

"మిషన్‌లోనే ఏదో ప్రాబ్లమ్ ఉందన్నా. బయట ఫుడ్ అసలు టచ్ చేయట్లేదు నేను" అన్నాడు శ్రీధర్.

చిర్రెత్తుకొచ్చింది. కానీ పీక్కుపోయిన ఆ మొహం చూశాక ఏమనగలను?

మూడోసారి పొద్దున్నే వెళ్లాను. బయట గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. మిషన్ ఉన్న లాండ్రీ గదిలో సుభద్రమ్మ గారు రాగిచెంబుతో నిలబడి, గోడ మీది స్విచ్ వేసి, వెంటనే కుళాయి తిప్పారు.

"రాత్రిపూట ఆపేస్తారా ఆంటీ?"

"రోజూ ఆపుతాను బాబూ. లేకపోతే మొదటి చెంబు గోరువెచ్చగా వస్తుంది. కాగిన నీళ్లతో మేం అభిషేకం చెయ్యం."

"తీర్థం ఎవరు తీసుకుంటారు?"

"ఇంకెవరు, వాడికే. అది పుచ్చుకున్నాకే ఆఫీసుకి పోతాడు."

రాత్రంతా ఎవరూ వాడకపోతే ల్యాంప్ వేడికి గొట్టంలో నీళ్లు వెచ్చబడతాయి. అందులో తప్పేమీ లేదు. ఆపితేనే ముప్పు. ఆరిన ల్యాంప్ పూర్తి బలం పుంజుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, మంచులాంటి నీళ్లలో ఇంకా ఆలస్యం. అప్పటిదాకా వచ్చేవి క్రిములు చావని ట్యాంకు నీళ్లే. ఇక ఆపొద్దని, కాచే తాగమని చెప్పి, ఆ చెంబులోంచే శాంపిల్ తీసుకున్నాను.

ల్యాబ్‌లో ఆ నీళ్లు ఫెయిలయ్యాయి. చెప్పడానికి వెళ్తే ఆవిడే అడిగారు.

"వాడి జబ్బు నా చేతి నీళ్ల వల్లేనా?"

కాదనేద్దామని నోటిదాకా వచ్చింది. కాదంటే రేపు మళ్లీ ఆపుతారు.

"అలాగే అనిపిస్తోంది ఆంటీ."

ఆవిడ వెళ్లి రాగిచెంబు బోర్లించారు. "ఇచ్చిన కిడ్నీని నేనే పాడుచేసుకుంటున్నానన్నమాట."

"నీకెవరైనా చెప్పారామ్మా, ఆపకూడదని?" అన్నాడు శ్రీధర్. నిజమే. మిషన్ బిగించినవాళ్లు ఆ ఒక్క మాటా చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది.

నీళ్లు వేడెక్కితే కాసిని బయటికి వదిలేసే వాల్వ్ ఒకటుంది, అది బిగించాను. ఇక ల్యాంప్ ఆపక్కర్లేదు, మొదటి చెంబూ చల్లగానే వస్తుంది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, పొద్దున్నే మొదటి నీళ్లు పట్టేదెవరో అడుగుతాను. ల్యాంప్ సంగతి ఆ మనిషికే కూర్చోబెట్టి చెప్తాను.

శ్రీధర్ కోలుకున్నాడు. కొన్నాళ్లకు మళ్లీ తీసిన శాంపిల్ క్లీన్‌గా వచ్చిందని చెప్పడానికి వెళ్లేసరికి పూజ అయింది. నా మాట విని అతను తీర్థానికి చెయ్యి చాపి నిలబడ్డాడు. సుభద్రమ్మ గారు ఉద్ధరిణె ముంచి కూడా పోయలేదు.

"ఇది పుచ్చుకోవచ్చో లేదో ముందు డాక్టర్ని అడిగిరా నాన్నా" అన్నారు.