నీడతో కదిలిన బడి

పూండి స్టేషనుకు తూర్పున కొత్త బడి కోసం స్థలం కొలుస్తున్నాను. మధ్యాహ్నం దాటింది. గొలుసు పట్టుకున్న చేతి మీదకి ఉన్నట్టుండి చల్లదనం పాకింది. తలెత్తి చూస్తే కొబ్బరిమట్ట నీడ. ఇందాక అది నాకు చాలా ఎడంగా ఉంది. జేబులో ఎప్పుడూ ఉండే గవ్వ తీసి ఆ నీడ అంచున పెట్టాను. గొలుసు రెండో కొన పట్టుకున్న కూలీ వింతగా చూశాడు. అతనికి దేవదానం మేష్టారి గురించి చెప్పాలంటే ఆ పూట పని సాగదు.

ఉద్దానంలో మా పేటలో ఉన్న మిషను బడికి ఆయనొక్కరే పంతులు. ఊరి బడి గడప మమ్మల్ని దాటనిచ్చేవారు కాదు కనక మాకున్నది ఆ తాటాకు పాక ఒక్కటే. కిటికీ లేదు, గాలి రాదు, మోకాలికి మోకాలు ఆనించి కూర్చునేవాళ్ళం. పందొమ్మిది వందల పద్దెనిమిదిలో, యుద్ధం ముగిసే యేడు, విషజ్వరం వచ్చి ఊరి బడితోపాటు అదీ మూతపడింది. మాతో పలక పట్టినవాళ్ళలో కొందరు మరి లేరు. జ్వరం కాస్త నెమ్మదించాక టెక్కలి మిషను నుంచి మేష్టారికి కబురొచ్చింది: ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి బడి నడుస్తూ ఉండాలి, లేకపోతే సర్కారు గ్రాంటు ఆగిపోతుంది. గ్రాంటు లేకపోతే మాకు బడే లేదు. మేష్టారు ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పంపమని అడిగారు. మా అమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.

"సదువు లేపోతే కూలికెల్తాడు మేష్టరూ. ఆడే లేపోతే?" అంది.

ఆయన వాదించలేదు. మా అరుగు మీద కూర్చుని, ఇంట్లో మొదట ఎవరికి దగ్గొచ్చింది, ఎవరి పక్కన ఎవరు పడుకున్నారు, బయట పడుకున్నవాళ్ళకి ఎలా ఉంది అని అడిగారు. ప్రతి ఇంటా ఇవే ప్రశ్నలు. ఈ జ్వరం ఎలా పాకుతుందని నేనడిగితే, "తెలీదురా. సూద్దాం" అన్నారు. పెద్దవాళ్ళు తెలీదనగలరని నాకు అంతవరకూ తెలియదు. చివరికి ఆయనకు తేలింది ఇంతే: ఆరుబయట, ఎడంగా ఉన్నవాళ్ళు తక్కువగా పడ్డారు.

అప్పుడాయన కన్ను జగ్గునాయుడి కొబ్బరితోట మీద పడింది. చెట్టుకొకరు కూర్చుంటే చాలినంత ఎడం. నాయుడు మా పెద్దలందరికీ పని ఇచ్చే రైతు. కాపలావాళ్ళు మంచం పట్టడంతో తోటలో కాయలు పోతున్నాయి, పైగా ఊరి బడి తెరిచే పంతులు లేక మనవలు గాలికి తిరుగుతున్నారు. మనుషుల అలికిడి ఉంటుందని ఒప్పుకున్నాడు. షరతులు పెట్టాడు: మేం మానులు ముట్టకూడదు, ఊరి పిల్లలు సముద్రం వైపు వరసల్లో, మేం పడమటి వరసల్లో. మా అమ్మ కూడా ఒకపూట వచ్చి చూసి, నన్ను వదిలి వెళ్ళింది.

కొబ్బరిచెట్టు నీడ మాను కింద ఉండదు, దూరంగా పడుతుంది. నెత్తిన కాయ పడదు కనక అదే మేలన్నారు మేష్టారు. అందరం నీడతో పాటు జరిగేవాళ్ళం, జరిగినప్పుడల్లా అంచున గవ్వ పెట్టేవాళ్ళం. లెక్కలూ భూగోళమూ ఆ గవ్వల మీదే. సముద్రపు హోరుకు గొంతు చించుకుని ఎక్కాలు అరిచేవాళ్ళం.

ఒక సాయంత్రం నాయుడు వచ్చి నా ముందు ఆగాడు. అతని మనవడు పొద్దున ఇసుకతో కట్టుకున్న గట్టు మధ్యలో నేను కూర్చుని ఉన్నాను.

"ఏటి పంతులూ, మావోడు కూకున్న సోట మీవోడు కూకున్నాడేటి?"

బడి ఆ రోజుతో సరి అనుకున్నాను.

"ఆడి సెట్టు నీడలోనే ఉన్నాడు బాబూ. పొద్దున్న మీ నీడ ఇటొచ్చింది, ఇప్పుడు మా నీడ అటెల్లింది."

"నీడకి బుద్ధి లేదేటి?"

మేష్టారు నవ్వలేదు. గవ్వల వరస చూపించి, కూర్చోమన్నారు. నాయుడు గొంతుక్కూర్చున్నాడు. నీడ అంచు ఒక గవ్వను మింగి తరవాతి దాని వైపు పాకుతుంటే కన్నార్పకుండా చూశాడు. కోపం ఎక్కడ పోయిందో తెలియలేదు.

"కొత్త మొక్కలు ఎండకి మాడిపోతన్నాయి. మాగమాసం నాటికి ఈ నీడ యెక్కడ పడతాది?" అనడిగాడు.

"తెలీదు బాబూ. పిల్లలుంటే సూసి సెప్తారు."

నాయుడు లేచి పంచె దులుపుకుని, "ఉండనీ" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చి, కప్పు లేని బడి బడి ఎలా అవుతుందని గొణిగాడు. మేష్టారు ఆయనకీ ఒక చెట్టు చూపించారు. ఆయన ప్రశ్నలు ముగిసేలోగా ఎండ ముఖాన కొట్టింది. నాయుడి చిన్న మనవడు అవతలి వరస నుంచి, "జరగండి బాబూ, నీడెల్పోయింది" అని కేకేశాడు. గ్రాంటు నిలిచింది.

జ్వరం పోయింది. ఊరి బడికి కొత్త పంతులొచ్చాడు. నాయుడి మనవలు అటు వెళ్ళారు, మేం పాకకు వచ్చాం. మేష్టారు ముందుగా రెండు గోడలకీ కిటికీలు కొట్టించారు. కలిసి కూర్చున్నవాళ్ళం మళ్ళీ ఎందుకు విడిపోయామని అడిగాను. "తెలీదురా" అన్నారు. సూద్దాం అనలేదు. నేను మద్రాసులో ఓవర్సీరు చదువు చదువుతుండగా ఆయన పోయారు.

ఇప్పుడు నా చేతిలో ఉన్న బడి నక్షాలో మా పేటల పిల్లలకు పడమటి కొసన వేరే వసారా గీసి ఉంది. ఆ గీత ఎక్కడ పడాలో స్థలం చూసి నన్నే నిర్ణయించుకోమన్నారు పైవాళ్ళు. గీత గీసే ముందు ఒకటి చూపించాలని ఊరి మునసబుకు కబురు పెట్టాను. సాయంత్రం వచ్చి, ఈ ఇసుకలో ఏముంది సూడ్డానికి అనడిగాడు.

"తెలీదు బాబూ. సూద్దాం, కూకోండి" అని, నీడ అంచుకు జరిపిన గవ్వ పక్కన చోటు చూపించాను.