దమ్ము సరిగ్గా రావట్లేదు

గుండెలో స్టెంట్ వేయించుకుని ఇంటికి వచ్చిన రోజే మా ఆయన సిగరెట్లు మానేశానన్నాడు. కాలేజీ రోజుల నుంచీ ఉన్న అలవాటు అది. ఒక్కసారిగా వదిలేయడం తన వల్ల కాదని, కొన్నాళ్లు వేప్, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్, వాడి తర్వాత మెల్లగా దాన్నీ మానేస్తానని చెప్పాడు. డాక్టరుకి ఆ ఆలోచన పెద్దగా నచ్చలేదు. నాకు మాత్రం నచ్చింది. అప్పటికి అంతకంటే ఎక్కువ ఆశించే ధైర్యం నాకు లేదు.

మేముండేది అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్‌లో. చిప్‌లు తయారుచేసే ఒక ప్లాంట్‌లో నా ఉద్యోగం. గాలి చొరబడకూడని ఛాంబర్లలోకి అది ఎక్కడి నుంచి దూరుతోందో వెతికి పట్టుకోవడం నా పని. మా ఆయనది సాఫ్ట్‌వేర్, ఇంటి నుంచే చేసేవాడు. చేతిలో వస్తువు మొరాయిస్తే ఆయనకి క్షణం ఓపిక ఉండదు. వేప్ కొన్న కొద్ది రోజులకే దాన్ని తెచ్చి నా ముందు పెట్టాడు.

"దమ్ము సరిగ్గా రావట్లేదు. చూడు, ఇలాంటివి నీ సబ్జెక్టే కదా."

అరచేతిలో ఇమిడే పరికరం. పైన ద్రవం నింపే పాడ్, దాని అడుగున పత్తి చుట్టిన కాయిల్, కింద బ్యాటరీ. పాడ్, బ్యాటరీ కలిసేచోట పక్కగా సూదిమొనంత రంధ్రం. పీల్చినప్పుడు ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి వెళ్తేనే సెన్సార్ మేలుకుని కాయిల్‌ని వేడి చేస్తుంది. ఆ రంధ్రం నిండా జేబులోని నూగు పేరుకుని ఉంది. టూత్‌పిక్‌తో తీసి తుడిచి ఇచ్చాను. ఒకసారి పీల్చి చూసి, "ఊఁ" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఇంటి పనుల్లో అదొకటి అయిపోయింది. ఒకసారి గుర్రుగుర్రుమని చప్పుడు, నోట్లోకి చేదు చుక్కలు. బలంగా లాగితే ద్రవం గొట్టంలోకి ఎక్కుతుంది, నింపాదిగా లాగాలి అని చెప్పి, పాడ్ తీసి టిష్యూ మీద విదిలించి ఇచ్చాను. ఇంకోసారి మాడు వాసన. కొత్త పాడ్‌లో ద్రవం పోసిన వెంటనే, పత్తి నానకముందే పీల్చేశాడు.

"పోశాక కాసేపు ఆగాలి."

"దీనికి కూడా ముహూర్తం చూడాలా?" అని విసుక్కున్నాడు.

ఎండాకాలంలో దాన్ని కారులో వదిలేసేవాడు. ఇక్కడి ఎండకి ద్రవం పలచబడి, మొత్తం కారిపోయి, బ్యాటరీ మీది పిన్నులన్నీ జిగటగా అయ్యేవి. అప్పుడు లైటు మిణుకుమిణుకుమనడమే తప్ప పొగ వచ్చేది కాదు. అదీ నేనే తుడిచి ఆరబెట్టేదాన్ని. అది పాడైతే ఆయన మళ్లీ సిగరెట్ ముట్టిస్తాడేమోనని నా భయం. ప్లాంట్ నుంచి కాళ్లు పీకుతూ వచ్చినా, బూట్లు విప్పకముందే దాన్ని చేతిలోకి తీసుకునేదాన్ని. ఆయన ప్రాణం నా చేతిలో ఉందనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా ఆయనతో కలిసి ఎమ్మెస్ చదివిన స్నేహితుడొకడు ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు. వరంగల్ మనిషి. నన్ను వదినా అని పిలిచేవాడు. అతనూ వేప్ తాగేవాడు. ఒక ఆదివారం నేను వంటింట్లో పెసరట్లు పోస్తున్నాను. హాల్లోంచి అతని మాట వినిపించింది.

"అరే, నాదాంట్ల గాలి అస్సలే వస్తలేదు. జర చూడరాదురా."

మా ఆయన దాన్ని పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. గొంతు తగ్గించి, "ఇది కూడా చెయ్యి" అన్నాడు. స్టవ్ మంట తగ్గించి, చేతులు కడుక్కుని, అడ్డుపడిందేదో తీసి ఇచ్చాను. దాన్ని హాల్లోకి తీసుకెళ్లి, "ఏం లేదురా, ఎయిర్‌ఫ్లో బ్లాక్ అయింది. క్లియర్ చేశా" అన్నాడు. పెనం మీద అట్టు మాడిపోయింది. ఆ మాడినది నేనే తిన్నాను.

చలికాలం వచ్చాక గాలి అందడం లేదన్న ఫిర్యాదు మరీ ఎక్కువైంది. శుభ్రం చేసిన మర్నాడే మళ్లీ పూడుకుపోయేది. ప్లాంట్‌లో ఒకే లోపం పదేపదే వస్తే తుడిచి ఊరుకోం, అడ్డుపడుతున్నదేమిటో చూస్తాం. ఇంట్లో ఆ పని ఎందుకు చేయలేదో నాకే తెలియదు. ఒక శనివారం పొద్దున, రంధ్రంలోంచి తీసిన చెత్తని తెల్లటి టిష్యూ మీద పెట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. నూగు కాదు. వంకర తిరిగిన గోధుమరంగు పోగులు. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాను. పొగాకు. సిగరెట్ పెట్టె ఉన్న జేబులోనే దీన్నీ పెట్టుకుంటున్నాడు. పెట్టె అడుగున రాలిన పొగాకుని ఇన్నాళ్లూ నేను శ్రద్ధగా టూత్‌పిక్‌తో తీసి పారేస్తున్నాను.

టిష్యూ తీసుకెళ్లి ఆయన లాప్‌టాప్ పక్కన పెట్టాను.

"ఏంటిది?"

"గాలికి అడ్డుపడింది ఇదే."

"పాత జాకెట్‌లోది అయ్యుంటుంది."

"పాత జాకెట్లన్నీ ఇచ్చేశాం కదా."

స్క్రీన్ మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "నువ్వు బాగుచేసింది ఒక్క రోజైనా సరిగ్గా పనిచేసిందా? అది సరిగ్గా ఉంటే నేను మళ్లీ సిగరెట్ ఎందుకు పట్టుకుంటాను?"

మీటింగ్ ఉందని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. శనివారం మీటింగ్ ఏమిటని నేను అడగలేదు.

మర్నాడు ఆయన స్నేహితుడు వచ్చినప్పుడు, కారు దగ్గర నిలబెట్టి అడిగాను. "మీ ఫ్రెండ్ మళ్లీ సిగరెట్ తాగుతున్నాడని మీకు తెలుసా?"

అతను ఇబ్బందిగా తాళాలు అటూ ఇటూ తిప్పాడు. "వాకింగ్ అని పార్కు కాడికి పోతడు కదా వదినా. హాస్పిటల్‌కెళ్లి వచ్చిన నెలకే షురూ చేసిండు. మీకు ఎరుకే అనుకున్నం."

అనుకున్నామట. అంటే తెలిసినవాడు ఇతనొక్కడే కాదన్నమాట.

కొన్ని వారాల తర్వాత, పొద్దున్నే నేను డ్యూటీకి బయల్దేరుతుంటే ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఛాతీ పట్టేసిందన్నాడు. మొహమంతా చెమట. అంబులెన్స్ పిలిచాను. ఎమర్జెన్సీలో వైర్లు తగిలిస్తూ నర్సు అడిగింది, సిగరెట్ తాగుతారా అని.

"నో. ఐ క్విట్" అన్నాడు, ఊపిరి అందకుండానే.

"హీ స్మోక్స్. ఎవ్రీ డే" అన్నాను నేను.

నొప్పికి మూసుకున్న కళ్లు తెరిచి నా వైపు చూశాడు. ఆ చూపులో భయం లేదు. నేను ఆసుపత్రివాళ్లతో కలిసి తన మీద కుట్ర చేసినట్టు చూశాడు. నర్సు తలూపి కంప్యూటర్‌లో కొట్టుకుంది. ఆ రోజే ఇంకో స్టెంట్ వేశారు.

ఇంటికి వచ్చాక చాలా రోజులు నాతో మాట్లాడలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ మాత్రం చెప్పాడు, చావుబతుకుల్లో ఉంటే తన పరువు తీశానని. వాళ్లలో ఒకావిడ, మంచి మనిషే, టిఫిన్ బాక్స్ నా చేతిలో పెడుతూ, "ఊపిరాడని మనిషి ముందు ఎందుకమ్మా అవన్నీ, తర్వాత నిదానంగా చెప్పుకోవచ్చుగా" అంది. ఆవిడ తెచ్చిన పప్పు వేడిచేసి ఆయనకే వడ్డించాను.

ఇప్పుడు దాపరికం లేదు. గ్యారేజ్ పక్కన కుర్చీ వేసుకుని తాగుతున్నాడు. నాకు తెలిసిపోవడం వల్ల ఆయనకి కలిసొచ్చింది అదొక్కటే. గ్రాసరీ గురించి, కారు సర్వీసింగ్ గురించి మాట్లాడుకుంటాం. మా చెల్లెలు ఇండియా నుంచి ఫోన్‌లో, "నీకు ఉద్యోగం ఉంది, విడిగా వచ్చేయొచ్చు కదక్కా" అంటుంది. అక్కడివాళ్లకి ఎలా చెప్పాలి? నా వర్క్ పర్మిట్ ఆయన హెచ్-వన్ వీసా మీద వచ్చింది. గ్రీన్ కార్డ్ అప్లికేషన్ ఆయన పేరు మీదే ఉంది. ఆయన్ని వదిలేసినా, ఆయనకేమైనా అయినా ఈ దేశంలో నాకు ఉద్యోగమూ ఉండదు, ఉండే హక్కూ ఉండదు.

గ్యారేజ్ వైపు నుంచి దగ్గు వినిపిస్తే చేస్తున్న పని ఆపేసి వింటాను. అది ఆగేదాకా కదలను. నేను భయపడుతున్నది ఆయన కోసమా, నా కోసమా అని మొదట్లో నన్ను నేను అడిగేదాన్ని. ఈ మధ్య అడగడం లేదు.