నా బల్బు స్విచ్చి పక్క పోర్షన్‌లో

ముందుగా, ఇది చదివేవాళ్ళందరూ ఎలా ఉన్నారు? మోకాళ్ళ నొప్పులవాళ్ళు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునే దిగుతున్నారు కదా? షుగరున్నవాళ్ళు పాదాలు చూసుకుంటున్నారా, పుండ్లేమైనా పడ్డాయేమోనని? బండ్ల మీద పనులకు పోయే పిల్లలు హెల్మెట్ తలకు పెట్టుకుంటున్నారా, హ్యాండిలుకు తగిలించుకుని పోతున్నారా? చంటిపిల్లల తల్లులు ఈ దుమ్ములో పిల్లలకు దగ్గు పట్టకుండా చూసుకోండి. నాకు బీపీ గోళీ నడుస్తోంది. మా చిన్నోడికి నడుము నొప్పి తగ్గింది, మళ్ళీ వస్తుందేమోనని నా భయం. అందరినీ అడిగాను. ఇక ఎలా ఉందని అడగడానికి వీల్లేని మనిషి సంగతి చెప్పాలి. మా పక్క పోర్షన్ వదిన పోయిన నెలలో చనిపోయింది.

ఆయాసంగా ఉంది, దవాఖానలో చూపించుకుని వస్తానంది. నేనూ వెంట వస్తానన్నాను. "నువ్వొస్తే డాక్టరు నన్ను ఇడ్సిపెట్టి నిన్ను జూస్తడు. ఇంట్ల ఉండు వదినె" అని ఆటో ఎక్కింది. ఎక్కుతూనే ఆటో అతనితో, "గుంతలు జర జూసి పోనియ్ బిడ్డా, ఇంక బతికే ఉన్న" అంది. గల్లీ మలుపు తిరిగేదాకా ఆమె మాటలు వినబడుతూనే ఉన్నాయి. తర్వాత ఆమె కూతురి ఫోనొచ్చింది. "అత్తా, అమ్మ ఇగ లేదు" అంది. అప్పుడు నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. ఫోను కింద పెట్టి, పోయి నడిమి గోడకు చెవి ఆనించాను. అవతల నుంచి ఎవరైనా ఇదంతా తప్పని చెబుతారేమోనని.

ఆ గోడ సంగతి చెప్పకపోతే మా ఇద్దరి సంగతి మీకు తెలియదు. నాంపల్లి స్టేషనుకూ అబిడ్స్‌కూ మధ్య ఒక గల్లీలో మా ఇల్లు. ఒకప్పుడు అంతా ఒకటే ఇల్లు. ఇప్పటి ఓనర్ తండ్రి నడుమ గోడ లేపి, రెండు పోర్షన్లు చేసి కిరాయికిచ్చాడు. మనుషులకైతే అడ్డం కట్టాడు గానీ, పైన చెక్కపట్టీల మీద పోయే వైర్ల జోలికి పోలేదు. అవి ఎప్పటిలాగే ఇటువి అటు, అటువి ఇటు పోతూనే ఉన్నాయి.

మాకు ఆ సంగతి తెలియదు. సామాను దించిన రోజు ఎండలు మండుతున్నాయి. హాల్లో బోర్డు మీద నల్లటి పాతకాలపు స్విచ్చులు వరసగా ఉన్నాయి. ఫ్యాను కోసం ఒకటి నొక్కాను. మా ఫ్యాను కదల్లేదు. గోడ అవతల నుంచి కేక వచ్చింది.

"ఎవర్ర నా ఫ్యాన్ బంద్ జేసింది?"

నేను బెదిరిపోయి ఇంకోటి నొక్కాను.

"వంటింట్ల లైటు గూడ పాయె! ఏంది, దయ్యాలు దిగినయా, కిరాయిదార్లు దిగిన్రా?"

కాసేపటికి తడి తలకు తువ్వాలు చుట్టుకుని మా గడపలోకి వచ్చి నిలబడింది. "నా ఫ్యానుకు మాలిక్‌వి నువ్వేనా?"

"తప్పయిందమ్మా" అన్నాను.

"అమ్మ ఏంది? నీకన్న నేనేం పెద్దదాన్నా? వదినె అను. నాది నీ తాన ఉన్నదంటే, నీది ఏమన్న నా తాన ఉండాలె గద. రా, ఎతుకుదాం."

వెతికితే దొరికింది. మా స్నానాలగది బల్బు స్విచ్చి ఆమె ముందుగది తలుపు వెనకాల ఉంది. ఓనర్‌కు చెబితే సర్దుకోండన్నాడు. చాలా ఏళ్ళు సర్దుకున్నాం.

సర్దుకోవడమంటే ఏమిటో చెబుతాను. నేను స్నానానికి పోవాలంటే గోడ మీద తట్టి, "వదినె, స్నానం!" అని అరవాలి. ఆమె వచ్చి బల్బు వేస్తుంది. అయిపోయాక మళ్ళీ తట్టాలి. నేను ఏ రోజు తలంటుకున్నానో, ఏ రోజు జ్వరమొచ్చి ఒళ్ళు తుడుచుకుని ఊరుకున్నానో మా ఇంట్లోవాళ్ళకు తెలియదుగానీ ఆమెకు తెలుసు. "ఇయ్యాల జల్ది అయిపాయె, సబ్బు అరిగిందా?" అని గోడ అవతల నుంచే అడిగేది. ఆమెకు ఫ్యాను కావాలంటే నన్ను పిలవాలి. మాటామాటా అనుకున్న రోజుల్లో నేను ఫ్యాను వేయడం ఆలస్యం చేసేదాన్ని. ఆమె నా తల నిండా శీకాయ ఉండగా బల్బు ఆర్పేసేది. చనిపోయింది కదా అని ఆమెను దేవతను చేయడం నాకు రాదు. దేవతలు అట్లాంటి పనులు చేయరు.

నాకు కరెంటంటే ప్రాణభయం. చేత్తో స్విచ్చి ముట్టేదాన్ని కాదు, చపాతీ కర్ర కొసతో నొక్కేదాన్ని. మా ఆయన పోయాక ఆ భయం ఇంకా ఎక్కువైంది. బోర్డు మీద ఒక స్విచ్చికి ఎటువైపూ ఏదీ వెలిగేది కాదు. నన్ను అన్నిటికన్నా భయపెట్టింది అదే. అది నొక్కితే గోడలోపల ఎక్కడో ఏదో రాజుకుంటుందని అనుకునేదాన్ని.

వదిన గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో టైపు పని చేసి రిటైరైంది. ఆదివారం వస్తే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత వారపత్రికలు కొనుక్కొచ్చేది. ఒక ఆదివారం ఆ కట్ట చంకలో పెట్టుకునే మా ఇంట్లోకి వచ్చి, "ఇయ్యాల ఏ స్విచ్చి ఏందో తేల్చాలె" అంది.

"వద్దు వదినె, మనకెందుకు? ఏమన్న అయితే?"

"ఫికర్ నీది, ఫైసలా నాది" అంది. ఎప్పుడూ అనే మాటే. మా ఇద్దరి మధ్య పని పంచుకున్నది అట్లాగే, బెంగ నాకు, తీర్మానం ఆమెకు.

అన్నీ ఆర్పేశాం. నేను మా బోర్డు దగ్గర ఒక్కొక్కటి నొక్కుతుంటే ఆమె తన గదులన్నీ తిరుగుతూ, "వంటిల్లు! ఫ్యాను! ఏం లేదు!" అని కేకలు వేసింది. తర్వాత ఆమె బోర్డు దగ్గరికి ఆమె పోయింది, కేకలు నావి. గుర్తు ఉండాలి కదా. కాగితాలంటిస్తే ఊడిపోతాయని బొట్లు పెట్టింది. మా ఇంట్లో వెలిగేవాటికి పసుపు, ఆమె ఇంట్లో వెలిగేవాటికి కుంకుమ, ఏమిటో తెలియనిదానికి కాటుక.

ఆ కాటుక బొట్టుదాన్ని వదిలేద్దామని బతిమాలాను. వినలేదు. దాన్ని వేసి ఉంచి, ఇల్లంతా తల పైకెత్తి చూసుకుంటూ తిరిగింది. చివరికి గల్లీలోకి పోయి బయటి గుమ్మం మీద చూస్తే, దుమ్ము పట్టిన ఖాళీ హోల్డరు ఒకటి ఉంది. స్విచ్చి మళ్ళీ ఆర్పించి, స్టూలు ఎక్కి బల్బు పెట్టింది. కింద స్టూలు పట్టుకుని నేను ఏడుస్తున్నాను. "ఏడుపు ఆపి పోయి స్విచ్చెయ్ వదినె" అంది. వేశాను. బయట గుమ్మం మీద బల్బు వెలిగింది. అన్నేళ్ళు నేను భయపడ్డది బల్బు లేని ఒక హోల్డరుకు. ఆమె నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది.

ఆ ఏడాది దసరాకు ఇంకో తమాషా జరిగింది. ఆయుధపూజకు మిక్సీకి, కుట్టుమిషనుకు, ఇంట్లో ఉన్న ప్రతి సామానుకు బొట్టు పెడతాం కదా. వదిన భక్తిగా ప్లేటు పట్టుకుని వచ్చి, తన బోర్డుకూ మా బోర్డుకూ ప్రతి స్విచ్చికీ పసుపు, దాని మీద కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది. పెట్టాక చేయి అట్లాగే గాలిలో నిలబడిపోయింది. "అయ్యో, ఇగ ఏది ఎవరిది వదినె?" అంది. పండుగపూట పూర్ణాలు పొయ్యి మీద వదిలేసి మళ్ళీ మొదటినుంచి కేకలు వేసుకున్నాం. గల్లీలోవాళ్ళు మేం కొట్లాడుకుంటున్నామని తలుపుల్లోకి వచ్చి చూశారు.

పాత ఓనర్ పోయి కొడుకు చేతికి ఇల్లు వచ్చింది. స్టేషను దగ్గరి జాగా కదా, లాడ్జి కట్టాలని అతనికి ఆశ. ఒక రోజు వచ్చి బోర్డు చూసి, "ఆంటీ, మీ మంచికే చెప్తున్న. వైరింగ్ ఖతర్నాక్ ఉన్నది. ఏమన్న అయితే ఎవరు జిమ్మేదారి? ఇద్దరూ ఖాళీ చెయ్యిన్రి" అన్నాడు. నేను మనసులో అప్పుడే గిన్నెలు మూట కడుతున్నాను.

వదిన కుర్చీలోంచి లేవలేదు. "ఇల్లు నీది, వైర్లు నీవి, భయం మాత్రం మాదా? నీది ఖరాబైతే నువ్వు బాగ్జేపియ్యాలె. మేమేడికి పోవాలె?"

అతను పోయాక నేను ఏడిస్తే తిట్టింది. "భయపడేది పడు వదినె. వద్దంటలేను. కూసొని భయపడు, జాగ మాత్రం ఇడ్సకు." నాకు ఆమె చెప్పిన మాటల్లో ఇదే పనికొచ్చింది. భయపడొద్దని అందరూ చెబుతారు. అది నా చేతిలో లేదు. భయపడుతూనే ఉన్నచోట ఉండొచ్చని ఈమె ఒక్కతే చెప్పింది.

ఇప్పుడు అసలు సంగతి. దవాఖానకు పోయిన రోజు, తాళం వేసేముందు నా బల్బు వేసి పోయింది. ఎక్కడికి పోయినా అట్లాగే చేసేది, చీకట్లో నేను జారిపడతానని. ఆ తలుపు మళ్ళీ తెరవలేదు. దినాలు కూడా కూతురి ఇంట్లోనే జరిగాయి. ఆమె పోయి నెలయింది, నా స్నానాలగదిలో ఆమె వేసిన బల్బు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంది. ఆర్పడానికి నాకు వీల్లేదు.

ఓనర్ ఆ బల్బునే పట్టుకున్నాడు. కూతురి దగ్గర తాళంచెవి తీసుకుని, ఆ పోర్షన్‌కు కరెంటు మొత్తం తీసేస్తానన్నాడు. అప్పుడు నా స్నానాలగదీ చీకటే. అది మంచిది కాదు కాబట్టి నేను ఖాళీ చేయాలట. చుట్టాలు కూడా అదే పాట. తోడు పోయింది కదా, ఇంకా అక్కడెందుకు, ఎక్కడైనా కొత్త ఇల్లు చూసుకోమంటారు. మా చిన్నోడు కాచిగూడలో లాడ్జిలో పని చేస్తాడు, పొద్దంతా ఉండడు. "నీ ఇష్టం అమ్మా" అన్నాడు. నా ఇష్టమేమిటని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. ఒక పూటంతా ఆలోచించాను.

ముందు వదిన కూతురికి ఫోను చేశాను. "బిడ్డా, నా బల్బు వైరు నా గోడకు మార్చేదాక తాళంచెవి ఓనర్‌కు ఇయ్యకు. ఇచ్చినవనుకో, నేనొచ్చి నీ ఇంట్లనే స్నానం చేస్త, రోజూ."

"అత్తా, బెదిరిస్తున్నవా?"

"ఔ బిడ్డా."

ఫోనులో ముందు ముక్కు చీదింది, తర్వాత నవ్వింది. ఇవ్వనని మాటిచ్చింది.

తర్వాత ఓనర్‌కు చేశాను. ఫోను రెండు చేతులా పట్టుకున్నాను.

"ఆంటీ, ఒక్కరే అయిపోయిన్రు గద. మీకు భయం గాదా?" అన్నాడు.

"అయితది. లేసి లేసి వాసన జూస్తున్న, ఏమన్న కాలుతుందేమోనని. అయినా పోను."

"వైరింగ్ మొత్తం ఖరాబైంది ఆంటీ."

"ఖరాబైంది వైరింగు, నేను గాదు. దాన్ని మార్చు."

"మీరు గిట్ల మాట్లాడేటోల్లు గాదు గద" అన్నాడు.

"మాట్లాడేటామె పోయింది. ఇగ నేనే మాట్లాడాలె."

పండుగలయ్యాక చూద్దామన్నాడు. కుదరదన్నాను. వచ్చే నెల అన్నాడు. కరెంటాయనను నువ్వు తెస్తావా, నన్ను తెమ్మంటావా, నేను తెస్తే గల్లీలో అందరినీ సాక్ష్యం నిలబెడతానన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. ఫోను పెట్టేశాక నీళ్ళు తాగితే సగం చీర మీద పోసుకున్నాను.

నా బల్బు వైరు మార్చడానికి వాళ్ళు రావడం ఈ బేస్తవారం పొద్దున పది గంటలకని ఖాయమైంది. కరెంటాయనను వెంటబెట్టుకుని ఓనర్ వస్తాడు, తాళంచెవితో వదిన కూతురు వస్తుంది. వాళ్ళందరికన్నా ముందే నేను కుర్చీ తీసుకుపోయి, వదిన గడపకు అడ్డంగా వేసుకుని కూర్చుంటాను. నా వైరు మార్చాకే అటు కరెంటు తీస్తామని మాటిస్తేనే లేస్తాను. లోపలికి ఎవరు పోవాలన్నా ముందు నన్ను లేవమని అడగాలి.