ఒక్కో రాడ్డు ఒక్కో కుండ

ఎర్రగా కాలిన ఉక్కును నూనెలో ముంచినప్పుడు లేచే పొగకు ఒక వాసన ఉంటుంది. మాడిన పోపుకు దగ్గరి వాసనే, కానీ అంత తొందరగా గొంతు వదలదు. గిద్దలూరులో ఇప్పుడు నేను పనిచేసే వర్క్‌షాపులో పొద్దస్తమానం ఆ పొగ లేస్తూనే ఉంటుంది. మిగతావాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. నేను మాత్రం ఒక గుక్క పీల్చుకుని గానీ నా మీటరు ముందు కూర్చోను. ఆ వాసన తగిలితే చాలు, మార్కాపురంలో రేకుల షెడ్డు గుమ్మం దగ్గర పంచె ఎగ్గట్టి, టీ గ్లాసు పట్టుకుని నిలబడిన మా చిన్నాయన కనిపిస్తారు.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడేమీ కాదు. మాది రాచర్ల దగ్గర మెట్టసేద్యం చేసుకునే కుటుంబం. ఆయనది మార్కాపురంలో తరతరాలుగా ఇనుప దుకాణం నడిపిన వర్తకుల ఇల్లు. దుకాణం వెనక బోరు బండ్లకు రాడ్లు తయారుచేసే షెడ్డు ఒకటి పెట్టారు. పాలిటెక్నిక్ చదువు ముగించి అక్కడ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నేను ‘సార్’ అన్నాను. ఇంకెవరో వచ్చారేమోనన్నట్టు ఆయన వెనక్కి తిరిగి చూశారు.

“సారెవరమ్మా ఇక్కడ? చిన్నాయన అను. రాచర్ల పిల్లనంటివి, గొర్రెలు మేపినావా ఎప్పుడన్నా?”

సెలవుల్లో మేపేదాన్నన్నాను.

“అంత మందలో మీ గొర్రెను ఎట్ల పట్టుకుంటావు?”

“మొగం చూసి.”

“రాడ్డుకు మొగం లేదమ్మా. మంచిదీ చెడ్డదీ ఒక్క తీరుగానే ఉంటాది. అందుకే ఈ మిషను తెచ్చినా. దాన్ని మాట్లాడించేది ఇంక నీ పని.”

మిషను అంటే పెద్దదేమీ కాదు. రాడ్డు దూరేంత తీగచుట్ట, దానికి తగిలించిన ఒక తెర. చుట్టలో కరెంటు పారితే లోపలున్న రాడ్డు అయస్కాంత ప్రభావంలోకి వస్తుంది. బాగా కాల్చి, చప్పున నూనెలో చల్లార్చిన ఉక్కు లోపల నిర్మాణం సన్నని సూదుల్లా బిగువుగా కుదురుకుంటుంది. అది అయస్కాంతానికి అంత తేలిగ్గా లొంగదు. నిదానంగా చల్లారిన ఉక్కు మెత్తబడిపోయి ఇట్టే లొంగుతుంది. ఆ తేడా తెర మీద గీతగా కనిపిస్తుంది. మంచిదని ముందే తేల్చుకున్న ఒక మాదిరి ముక్కను మొదట చుట్టలో పెట్టి, దాని గీతతో మిగతా రాడ్ల గీతలను పోల్చి చూడటమే నా పని. కోయక్కర్లేదు, గీరక్కర్లేదు.

అంతకుముందు కొలిమి నుంచి దిగిన ప్రతి దఫాలోనూ ఒక రాడ్డును కోసి, నునుపు చేసి, ఆసిడ్ పూసి, మైక్రోస్కోపు కింద చూసేవారట. తీరా చూస్తే కోసిన రాడ్డు మంచిదై కూర్చునేది, కోయనిది పోయి బోరులో విరిగేది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు కదా చిన్నాయనా అని నేనొకసారి తెలివిగా అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

“ఆ సామెత అన్నానికి చెప్పినారమ్మా, ఇనుముకు కాదు. మెతుకులన్నీ ఒక్క కుండలో ఉడుకుతాయి. ఇక్కడ ఒక్కో రాడ్డు ఒక్కో కుండ. ఒకటి మంట నడుమ ఉంటాది, ఒకటి కొలిమి వాకిలి కాడ ఉంటాది. ఒకదాన్ని కోసి అన్నిటికీ తీర్పు చెప్తే ఎట్ల?”

ఆయనకు కోపం లేదనుకునేరు. టీలో చక్కెర తక్కువైతే షెడ్డు రేకులు అదిరేవి. రాడ్డు చెడిందంటే మాత్రం “సరేలే, ఎందుకు చెడిందో చూద్దాం” అనేవారు, పెళ్ళివారు కాస్త ఆలస్యంగా వస్తున్నారని తెలిసినట్టు. చక్కెరకు అంత రగడ చేసే మనిషి ఉక్కు దగ్గర ఇంత నిదానమేమిటని నేను లోలోపల నవ్వుకునేదాన్ని. ఆ నిదానం విలువ ఒక వేసవిలో తెలిసొచ్చింది.

ఆ ఏడాది పుల్లలచెరువు వైపు బోర్లన్నీ ఎండిపోయాయి. బోరు బండి నడిపే నాగిరెడ్డి అడవి అంచున ఒక ఊరికి తాగునీటి బోరు వేయడానికి ఒప్పుకుని, కొత్త రాడ్ల కోసం వచ్చి కూర్చున్నాడు. లోతుకు పోయాక రాడ్డు విరిగితే బోరు మొత్తం పోయినట్టే. షెడ్డులో చోటు చాలక రాడ్లన్నీ ముందురోజే బయట పెరట్లో పేర్చారు. అది శుక్రవారం. శుక్రవారం పొద్దున మాదిరి ముక్కకు కుంకుమ పెట్టి, లోపలి బండల గదిలో దేవుడి గూట్లో ఉంచడం చిన్నాయన అలవాటు. పని మొదలయ్యాక నేను గూట్లోంచి తెచ్చి చుట్టలో పెట్టుకుంటాను.

ఆ రోజూ అలాగే తెచ్చాను. మొదటి రాడ్డు గీత మాదిరి ముక్క గీతకు దూరంగా పోయింది. రెండోది కూడా. చూడగా చూడగా దఫా అంతా అదే వరస. నేను చెప్పకముందే అందరి కళ్ళూ ఓబులేసు మామ వైపు తిరిగాయి. షెడ్డు పెట్టిన నాటి నుంచీ కొలిమి చూసుకునేది ఆయనే.

“కాల్చిందీ సరిగ్గానే కాల్చినా, ముంచిందీ సరిగ్గానే ముంచినా” అన్నాడు మామ.

“మిషను అబద్ధం చెప్తాదా? నీకు చూపు తగ్గిందేమో చూసుకో పెద్దాయనా” అన్నాడు నాగిరెడ్డి.

మామ చేతి తొడుగులు తీసి, దులిపి, కొలిమి పక్కన పెట్టి, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అవి తొడుక్కుని వెళ్ళిపోతే మళ్ళీ రాడని నాకు తెలుస్తూనే ఉంది. చిన్నాయన నా దగ్గరికి వచ్చారు.

“ఏమ్మా భారతీ, రాడ్లు చెడినాయా?”

“మిషను అట్లనే చూపిస్తోంది చిన్నాయనా.”

“మిషను సంగతి కాదు. నీకు తెలిసినాదా?”

తెలియలేదన్నాను. అబద్ధమాడి ఏం లాభం.

“అయితే తెలిసిందాకా చూడు. ఓబులేసూ, ఆ చెప్పులు ఆడ పెట్టి కూచో. నాగిరెడ్డీ, సాయంత్రం దాకా ఎవరి పేరూ ఎత్తొద్దు.”

నాగిరెడ్డి గొణిగాడు, ఊళ్ళో ట్యాంకరు కూడా రావట్లేదన్నాడు. అతనిదీ తప్పు కాదు. చిన్నాయన కదల్లేదు. నేను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. తీగలు చూశాను, కరెంటు చూశాను. కుంకుమ చుట్టకు అంటుతోందని చేతి తొడుగు తీసి, మాదిరి ముక్కను ఉత్త చేత్తో తుడవబోయి ఆగిపోయాను. అది కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. బయటికి పోయి రాడ్డును ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. మా వైపు వేసవిలో తలుపు గొళ్ళెం కూడా కాలుతుంది కాబట్టి ఎవరికీ అది వింతగా తోచలేదు. వేడెక్కితే ఉక్కులో కరెంటు పారే తీరూ, అయస్కాంతానికి లొంగే తీరూ మారతాయి, గీత జరుగుతుంది. చదువుకున్న సంగతే.

మాదిరి ముక్కను తీసుకుపోయి ఎండలో రాడ్ల మధ్య పెట్టాను. బాగా వేడెక్కాక తెచ్చి చుట్టలో పెడితే, మంచిదని మేం పూజ చేసే ముక్క కూడా చెడ్డదేనని తేల్చింది మిషను.

చిన్నాయన వచ్చి తెర చూశారు. తర్వాత ఓబులేసు మామ దగ్గరికి పోయి, నాగిరెడ్డికీ పనివాళ్ళందరికీ వినిపించేలా అన్నారు. “తప్పు నాది ఓబులేసూ. దేవుడి దగ్గర చల్లగా పెట్టినా దాన్ని. నీ రాడ్లను ఎండలో పడేసినా. నీడలో ఉన్నదాన్ని తెచ్చి ఎండలో ఉన్నవాటికి తీర్పు చెప్పించినా.”

అప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఎందుకో చెప్పలేను. పనివాళ్ళ ముందు యజమాని ‘తప్పు నాది’ అనడం నేను అదే మొదటిసారి వినడం.

రాడ్లన్నీ నీడకు మోయించి, పొద్దు వాలాక మళ్ళీ చూశాను. గీతలు చక్కగా కుదిరాయి, రెండు రాడ్లవి తప్ప. ఆ రెండూ చల్లారాక కూడా మెత్తగానే ఉన్నాయి. ఈసారి ఎవరూ మామ వైపు చూడలేదు. ఆయనే లేచి వచ్చాడు.

“అవి నూనెలోకి దించేటప్పుడు గొలుసు ఇరుక్కునింది అన్నా. గాలికే చల్లారిపోయినాయేమో. చెప్పాల్సింది.”

“ఇప్పుడు చెప్పినావు గదా” అన్నారు చిన్నాయన.

వాటిని కూడా ఇచ్చెయ్యి శెట్టీ, అవి లేకుంటే లోతు చాలదు అని నాగిరెడ్డి బతిమాలాడు. చిన్నాయన ఇవ్వలేదు. మర్నాడు మామ ఆ రెండింటినీ మళ్ళీ కాల్చి ముంచాక, నేను చూశాకే పంపారు. ఆ బోరులో నీళ్ళు పడ్డాయి. కాస్త ఉప్పగానే, కానీ పడ్డాయి.

చిన్నాయన పోయిన ఏడాది పోయారు. కర్మ రోజున భోజనాల దగ్గర ఓబులేసు మామ నా పక్కన కూర్చున్నాడు. విస్తట్లో అన్నం కెలుకుతూ, ముద్ద నోట పెట్టకుండా అన్నాడు. “మనిషి ఏమన్నా అంటే తిరిగి అనొచ్చమ్మా. మిషనే అంటే ఏం జవాబు చెప్తాం? ఆ పొద్దు నేను పోయుంటే, పని చెడగొట్టిపోయినాడనే అనుకునేవాళ్ళు అందరూ. నేను గూడా అట్లనే అనుకుంటా బతికేవాణ్ణి.”

ఆ చివరి మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇక్కడ నా తెర మీద గీత తప్పినప్పుడల్లా పక్కనున్న ఇంజనీరు ముందు అడిగేది, ఈ డ్యూటీ ఎవరిదని. పేరు చెప్పను. మాదిరి ముక్కతో మొదలుపెట్టి అన్నీ మళ్ళీ చూస్తాను. నా చాదస్తానికి విసుక్కుంటారు, విసుక్కోనీ. ఒక్కోసారి రాడ్డు నిజంగానే చెడిపోయి ఉంటుంది, అప్పుడు పక్కన పడేస్తాను. కానీ మిషనుకు జవాబు చెప్పుకోలేని మనిషి తరఫున ఎవరో ఒకరు దాన్ని రెండోసారి అడగాలి. మార్కాపురం షెడ్డులో చిన్నాయన అడిగించారు. ఇక్కడ నేను అడుగుతున్నాను.